హిస్టమిన్‌ను వదిలేది ఎవరు?

ఏ జబ్బూ లేని మనిషి ఊపిరితిత్తుల్లోనూ హిస్టమిన్ ఉంటుంది. ఈ మాట నమ్మడానికి శాస్త్రవేత్తలకే చాలా కాలం పట్టింది. 1910లో హెన్రీ డేల్, పాట్రిక్ లెయిడ్లా దాన్ని గినీ పందుల రక్తంలోకి ఎక్కిస్తే శ్వాసనాళాలు బిగుసుకుపోయి అవి నిమిషాల్లో చచ్చిపోయాయి. అంత చేటు చేసే పదార్థం బతికున్న ఒంట్లో సహజంగా ఎందుకుంటుంది? కణజాలం కుళ్ళినప్పుడు సూక్ష్మజీవులు పుట్టించే సరుకేమో అన్న అనుమానం చాలా ఏళ్ళు వదల్లేదు. 1927లో చార్లెస్ బెస్ట్, డేల్, డడ్లీ, థార్ప్ కలిసి తాజా ఊపిరితిత్తుల నుంచీ కాలేయం నుంచీ హిస్టమిన్‌ను శుద్ధంగా వేరుచేసి ఆ అనుమానం తీర్చారు. ఇన్సులిన్ కథలో బాంటింగ్ పక్కన కనిపించే బెస్ట్ ఈయనే.

ఉందని తేలాక ఇంకో ప్రశ్న మొదలైంది. ఊపిరి బిగబట్టించగల పదార్థం ఊపిరితిత్తుల్లోనే నిల్వ ఉన్నప్పుడు మనందరికీ రోజూ ఆయాసం ఎందుకు రాదు? ఉబ్బసం ఉన్న మనిషికి మాత్రం, అదీ దుమ్మో పుప్పొడో పీల్చిన పది నిమిషాల్లో, అది ఎందుకు బయటపడుతుంది? ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. హిస్టమిన్ కారిపోదు, ఒలికిపోదు. కణం దాన్ని పనిగట్టుకుని బయటికి పంపుతుంది. ఆ పనిలో దాదాపు ప్రతి మెట్టునూ ఒక ఎంజైము నడుపుతుంది. ఉబ్బసం మందుల్లో ఏది ఎందుకు పనిచేస్తుందో, ఏది ఎందుకు పనిచేయదో తెలియాలంటే ఆ మెట్లు తెలియాలి.

ముందు నిల్వ ఉండే చోటు చూద్దాం. 1878లో లైప్‌జిగ్‌లో వైద్యవిద్యార్థిగా ఉన్న పాల్ ఎర్లిష్, అనిలిన్ రంగులతో కణజాలాలను అద్దుతూ, కడుపునిండా రేణువులున్న కణాలను చూశాడు. బాగా మేసి నిండిపోయిన కణాలనుకుని వాటికి జర్మన్‌లో ఆ అర్థమొచ్చే పేరు పెట్టాడు. అవే మాస్ట్ కణాలు. ఆ రేణువుల్లో ఏముందో తెలియడానికి మరో డెబ్బై అయిదేళ్ళు పట్టింది. 1953 నాటికి స్కాట్లండ్‌లోని డండీలో జేమ్స్ రైలీ, జెఫ్రీ వెస్ట్ లెక్కగట్టి చూస్తే, ఏ కణజాలంలో మాస్ట్ కణాలు ఎక్కువో అక్కడ హిస్టమిన్ కూడా ఎక్కువని తేలింది. ఊపిరితిత్తుల్లో ఈ కణాలు శ్వాసనాళాల లోపొర కిందా, రక్తనాళాల చుట్టూ, గాలిగదుల గోడల్లో కాపుంటాయి. పీల్చే గాలితో వచ్చేదాన్ని మొదట ఎదుర్కొనేది అవే.

హిస్టమిన్ తయారీ కూడా ఎంజైము పనే. మనం తినే మాంసకృత్తుల్లో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. హిస్టిడిన్ డీకార్బాక్సిలేజ్ అనే ఎంజైము, బి6 విటమిన్ తోడుతో, దాని నుంచి ఒక కార్బన్ డయాక్సైడ్ అణువును ఊడదీస్తుంది. మిగిలేది హిస్టమిన్. ధనావేశం ఉన్న ఆ అణువు, రుణావేశం దట్టంగా ఉన్న హెపారిన్‌కు అతుక్కుని, ఆమ్లగుణం ఉన్న రేణువులో కదలకుండా ఉంటుంది. గుండె ఆపరేషన్లలో రక్తం గడ్డకట్టకుండా వాడే హెపారిన్ ఇదే. ఒకప్పుడు దాన్ని పశువుల ఊపిరితిత్తుల నుంచి తీసేవారు. మాస్ట్ కణాలు అంత సమృద్ధిగా ఉండే చోటు అది మరి.

ఇక విడుదల. పడని పదార్థం, దానికి వ్యతిరేకంగా పుట్టిన ప్రతిరక్షకం కలిస్తే కణం దెబ్బతిని పగిలిపోతుందని, హిస్టమిన్ ఒలికిపోతుందని మొదట్లో అనుకోవడం సహజమే. అదే నిజమైతే ఈ అధ్యాయం అక్కర్లేదు. పగలడానికి ఎంజైములు ఎందుకు?

లండన్ యూనివర్సిటీ కాలేజీలో మాంగర్, షిల్డ్ 1950లలో ఈ ఊహను పరీక్షకు పెట్టారు. ఒక ప్రొటీన్‌ పడకుండా ముందే తయారుచేసిన గినీ పంది ఊపిరితిత్తిని సన్నగా తరిగి, కడిగి, ఆ ముక్కలున్న ద్రావణంలో అదే ప్రొటీన్ వేసేవారు. ద్రావణంలోకి హిస్టమిన్ ఎంత వచ్చిందో తెలుసుకోవడానికి దాన్ని గినీ పంది చిన్నపేగు ముక్క మీద పోసి, పేగు ఎంత ముడుచుకుందో కొలిచేవారు. మోటు పద్ధతిలా కనిపిస్తుంది గానీ ఆ పేగు ముక్క అతి స్వల్ప మోతాదులను కూడా పట్టేస్తుంది. వాళ్ళకు కనిపించిందేమిటంటే, ద్రావణాన్ని చల్లబరిస్తే విడుదల ఆగింది. ముక్కలను కాసేపు నలభై అయిదు డిగ్రీల చుట్టుపక్కల వేడిలో ఉంచితే, మళ్ళీ మామూలు వేడికి తెచ్చినా విడుదల జరగలేదు. కాల్షియం తీసేస్తే ఆగింది. ప్రాణవాయువు అందకపోతే తగ్గింది. పగిలే కణానికి ఆక్సిజన్‌తో పని లేదు, కాల్షియంతో అంతకన్నా లేదు. కొద్దిపాటి వేడికే శాశ్వతంగా చెడిపోవడం ఎంజైముల లక్షణం. కణం బతికే ఉంది, శక్తి ఖర్చుపెట్టి పని చేస్తోంది అని ఆ ఫలితాలు చెప్పాయి.

ఏ రకం ఎంజైము? ఇక్కడ వచ్చే ప్రయోగం నాకు ఈ చరిత్ర మొత్తంలో చాలా ఇష్టం. రెండో ప్రపంచ యుద్ధకాలంలో నరాల మీద పనిచేసే విషవాయువుల కోసం సాగిన పరిశోధనలో డీఎఫ్‌పీ అనే ఆర్గానోఫాస్ఫేట్ ఒకటి వెలుగులోకి వచ్చింది. మన పత్తిచేలల్లో చాలా ఏళ్ళు కొట్టిన మోనోక్రోటోఫాస్ కూడా ఆ కుటుంబానిదే. ఇవి కొన్ని ఎంజైముల క్రియాస్థానంలో ఉండే సెరిన్ అనే అమైనో ఆమ్లాన్ని పట్టుకుని వదలవు. ఎంజైము మూగబోతుంది. పురుగుమందు తాగిన మనిషికి నోట నురగ రావడం, ఊపిరి ఆడకపోవడం ఇలాంటి ఒక సెరిన్ ఎంజైము, అసిటైల్‌కోలిన్ ఎస్టరేజ్, మూగబోవడం వల్లనే. 1961లో ఫ్రాంక్ ఆస్టెన్, బ్రాక్‌లహర్స్ట్ తరిగిన గినీ పంది ఊపిరితిత్తుల మీద ఇలాంటి నిరోధకాలను వాడి చూశారు. హిస్టమిన్ విడుదల తగ్గింది. తర్వాత ఎల్మర్ బెకర్‌తో కలిసి ఆస్టెన్ ఎలుకల మాస్ట్ కణాల మీద ఇదే దారిలో ముందుకెళ్ళాడు.

అసలు విషయం మందు ఎప్పుడు వేశారన్నదాంట్లో ఉంది. ముక్కలకు ముందుగా డీఎఫ్‌పీ పట్టించి, బాగా కడిగేసి, తర్వాత పడని పదార్థం వేస్తే హిస్టమిన్ మామూలుగానే విడుదలైంది. రెండూ ఒకేసారి వేస్తే విడుదల ఆగిపోయింది. ఎంజైము మొదటినుంచీ చురుగ్గా ఉండి ఉంటే, ముందు వేసినప్పుడే మందు దాన్ని పట్టేసి ఉండాలి. పట్టలేదంటే అప్పటికి అది నిద్రలో ఉందన్నమాట. మొగ్గలోకి తుమ్మెద దూరలేనట్టే, విప్పారని క్రియాస్థానంలోకి డీఎఫ్‌పీ దూరలేదు. పడని పదార్థం వచ్చి తాకాకే ఆ ఎంజైము మేలుకుంది, మేలుకున్న క్షణంలోనే విషానికి దొరికింది. ఒక పదార్థాన్ని ముందు వేయడం, తోడుగా వేయడం అన్న చిన్న తేడాతో, కంటికి కనిపించని అణువు ఎప్పుడు నిద్రలేస్తుందో పట్టుకున్నారు. ప్రయోగశాలలో ఖరీదైన పరికరం ఏదీ చేయలేని పని అది.

1973లో మైకేల్ కాలినర్, ఆస్టెన్ ఇదే తర్కాన్ని మనిషి ఊపిరితిత్తుల మీదికి తెచ్చారు. శస్త్రచికిత్సలో తీసేసిన ఊపిరితిత్తి భాగంలో బాగున్న ముక్కలను తీసుకుని, రాగ్‌వీడ్ పుప్పొడి పడని మనుషుల రక్తరసంలో నానబెట్టి, తర్వాత ఆ పుప్పొడి ప్రొటీన్ వేశారు. రాగ్‌వీడ్ అమెరికా కలుపు మొక్క. మన రోడ్ల పక్కన పెరిగే వయ్యారిభామ, అంటే కాంగ్రెస్ గడ్డి, దాని కుటుంబానిదే. వాళ్ళు ఒక్కో మెట్టునూ ఒక్కో నిరోధకంతో ఆపి చూసి వరుస కట్టారు. కాల్షియం ఉంటేనే మేలుకునే సెరిన్ ఎస్టరేజ్ ముందు, శక్తి ఖర్చయ్యే మెట్టు తర్వాత, మళ్ళీ కాల్షియం కావలసిన మెట్టు, వీటితోపాటు సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువు పెరిగితే ఆగిపోయే మెట్టు. కణం లోపల ఏముందో చూడకుండానే లోపలి క్రమాన్ని చెప్పగలిగారు.

ఇవాళ మనం గీసే బొమ్మలో మొదటి స్థానం సెరిన్ ఎస్టరేజ్‌ది కాదు, ఇతర ప్రొటీన్లకు ఫాస్ఫేటు తగిలించే కైనేజ్‌లది. ఈ మార్పు రావడానికి ముందు ప్రతిరక్షకం ఎవరో తేలాలి. 1966లో డెన్వర్‌లో కిమిషిగే, తెరుకో ఇషిజాకా దంపతులు, 1967లో స్వీడన్ ఉప్సాలాలో యోహాన్సన్, బెన్నిక్ వేర్వేరు దారుల్లో ఐజీఈని కనుక్కున్నారు. రక్తంలో అది చాలా కొద్దిగానే ఉంటుంది. కానీ మాస్ట్ కణం పైపొర మీద దాన్ని గట్టిగా పట్టుకునే గ్రాహకాలు లక్షల్లో ఉంటాయి. ఐజీఈ వాటిలో కూర్చుని వారాల తరబడి ఎదురుచూస్తుంది.

పుప్పొడి ప్రొటీన్ వచ్చి పక్కపక్కనున్న రెండు మూడు ఐజీఈలను ఒకేసారి పట్టుకుంటే గ్రాహకాలు దగ్గరికి లాగబడతాయి. అంతే, ఈ దగ్గరవ్వడమే సంకేతం. పొర లోపలివైపు అంటుకుని ఉన్న లిన్ అనే ఎంజైము గ్రాహకం తోక మీదున్న టైరోసిన్‌లకు ఫాస్ఫేటు తగిలిస్తుంది. ఫాస్ఫేటు తగిలిన తోక మీదికి సిక్ అనే ఇంకో కైనేజ్ వచ్చి వాలుతుంది, తాను చురుకై మరికొన్ని ప్రొటీన్లకు ఫాస్ఫేటు తగిలిస్తుంది. బీటీకే అనే మూడో కైనేజ్ సాయంతో ఫాస్ఫోలైపేజ్-సి మేలుకుంటుంది. ఇది కణం పొరలోని ఒక కొవ్వు అణువును రెండుగా కోస్తుంది. ఒక ముక్క పొరలోనే ఉండి ప్రొటీన్ కైనేజ్-సిని పిలుస్తుంది. ఐపీ-3 అనే రెండో ముక్క లోపలికి ఈదుకుంటూ వెళ్ళి కాల్షియం గిడ్డంగి తలుపులు తీస్తుంది. గిడ్డంగి ఖాళీ అవుతోందని గ్రహించగానే బయటి పొరలో ఇంకో ద్వారం తెరుచుకుని, కణం వెలుపల ఉన్న కాల్షియం లోపలికి వరదలా వస్తుంది. మాంగర్, షిల్డ్ ద్రావణం నుంచి కాల్షియం తీసేస్తే విడుదల ఎందుకు ఆగిందో ఇక్కడ అర్థమవుతుంది.

ఆ కాల్షియంతో రేణువుల పొరలు ఒకదానితో ఒకటీ, బయటి పొరతోనూ కలిసిపోతాయి. రేణువు లోపలికి బయటి ద్రవం చేరుతుంది. అందులోని సోడియం హెపారిన్ మీద హిస్టమిన్ స్థానాన్ని ఆక్రమిస్తుంది, హిస్టమిన్ ఊడి బయటపడుతుంది. ఈ చివరి మార్పిడికి ఎంజైము అక్కర్లేదని స్వీడన్‌కు చెందిన ఉవ్‌నాస్ చూపించాడు. మొత్తం వ్యవహారం కొద్ది నిమిషాల్లో ముగుస్తుంది. కణం చావదు. రోజులూ వారాలూ తీసుకుని రేణువులను మళ్ళీ నింపుకుంటుంది.

లిన్, సిక్, బీటీకే తగిలించే ఆ ఫాస్ఫేట్లన్నీ ఒకే చోటు నుంచి వస్తాయి, కణానికి ఇంధనమైన ఏటీపీ నుంచి. ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి వెలికితీసినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా దాన్ని కనుక్కున్నాడు. ఆక్సిజన్ అందకపోతే విడుదల తగ్గడం అంటే చివరికి ఏటీపీ కరువవడమే. సుబ్బారావు పేరు ఈ అధ్యాయంలో ఇంకోసారి వస్తుంది.

ముందుకు నడిపే ఎంజైములున్నట్టే వెనక్కి లాగేవీ ఉన్నాయి. అడ్రినలిన్ మాస్ట్ కణాన్ని తాకితే అడినైలిల్ సైక్లేజ్ అనే ఎంజైము ఏటీపీ నుంచే సైక్లిక్ ఏఎంపీని తయారుచేస్తుంది. అది పెరిగితే హిస్టమిన్ విడుదల మందగిస్తుంది. ఫాస్ఫోడైఎస్టరేజ్ ఆ సైక్లిక్ ఏఎంపీని విరిచేస్తుంది. ఊపిరి అందక ఆస్పత్రికి పరిగెత్తిన వాళ్ళకు ఒకప్పుడు మొదట గుచ్చే డెరిఫిలిన్ ఇంజెక్షన్‌లో ఉండే థియోఫిలిన్, ఈ విరిచే ఎంజైమును అడ్డుకుంటుంది. ఇన్హేలర్‌లోని సాల్బుటమాల్ తయారుచేసే ఎంజైమును ఉసిగొల్పుతుంది. రెండు మందుల ప్రధాన ఫలం శ్వాసనాళం చుట్టూ ఉన్న కండరం సడలడమే అయినా, మాస్ట్ కణంలోనూ అవి నొక్కేది ఈ మీటనే.

ఇప్పుడు చాలామందికి ఎదురయ్యే సందేహం. దద్దుర్లకూ తుమ్ములకూ అంత చక్కగా పనిచేసే యాంటీహిస్టమిన్ మాత్ర ఉబ్బసానికి ఎందుకు చాలదు? మాస్ట్ కణంలో కాల్షియం పెరగగానే ఫాస్ఫోలైపేజ్-ఎ2 కూడా మేలుకుని పొరలోంచి అరాకిడోనిక్ ఆమ్లాన్ని కోసి ఇస్తుంది. 5-లైపాక్సిజనేజ్ దాన్ని ల్యూకోట్రయీన్‌లుగా మారుస్తుంది. ఇవి రేణువుల్లో నిల్వ ఉండవు, అప్పటికప్పుడు తయారవుతాయి. శ్వాసనాళాలను బిగించడంలో హిస్టమిన్ కన్నా వందల రెట్లు శక్తిమంతమైనవి, ఎక్కువసేపు నిలిచేవి. వీటి జాడ 1938లోనే ఫెల్డ్‌బర్గ్, కెల్లవే గినీ పంది ఊపిరితిత్తుల్లోకి నాగుపాము విషం పంపినప్పుడు దొరికింది. పాము విషంలో ఫాస్ఫోలైపేజ్-ఎ2 దండిగా ఉంటుంది. హిస్టమిన్‌తో పాటు, పేగును నెమ్మదిగా, చాలాసేపు ముడిచిపెట్టే ఇంకేదో పదార్థం వచ్చిందని వాళ్ళు గుర్తించారు. దాని అణునిర్మాణం తేలింది 1979లో, స్వీడన్‌లో బెంగ్ట్ సామ్యుయెల్సన్ బృందం చేతుల్లో. ఇవాళ మందులషాపులో మాంటెలుకాస్ట్, లెవోసిట్రిజిన్ కలిపిన మాత్ర ఇస్తున్నారంటే, ఒకటి ల్యూకోట్రయీన్‌కు, ఒకటి హిస్టమిన్‌కు అడ్డు.

సుబ్బారావు నడిపిన లెడర్లీ ప్రయోగశాలలో 1940లలో బోదకాలుకు హెట్రజాన్ అనే మందు వచ్చింది. బోదకాలు పురుగు వల్లే వచ్చే ఒక రకం రాత్రి దగ్గు, ఆయాసం కోస్తా జిల్లాల డాక్టర్లకు బాగా పరిచయం. రక్తపరీక్షలో ఈసినోఫిల్స్ విపరీతంగా పెరిగి కనిపిస్తాయి, హెట్రజాన్‌తో తగ్గుతుంది. 1968లో ఆరెంజ్, వాలెంటైన్, ఆస్టెన్ ఈ మందును ఎలుకల మీద పరీక్షించి, ఆ నెమ్మదిగా పనిచేసే పదార్థం విడుదలను అది ఆపుతుందని చూపించారు. ల్యూకోట్రయీన్‌ల తయారీని ఆపగలిగిన తొలి మందుల్లో ఒకటి పురుగుల కోసం పుట్టిన ఈ మందు కావడం, అది మన సుబ్బారావు ఇంటిది కావడం మన పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కవలసిన సంగతి.

హిస్టమిన్‌తో పాటు రేణువులోంచి బయటపడే ఎంజైములూ ఉన్నాయి. ముఖ్యమైనది ట్రిప్టేజ్. ఊపిరితిత్తుల మాస్ట్ కణాల్లో ఎక్కువ భాగం ట్రిప్టేజ్ మాత్రమే ఉన్నవి. చర్మంలోవాటిలో దానితోపాటు కైమేజ్ కూడా ఉంటుంది. నాలుగు ముక్కలు హెపారిన్ ఊతంతో కలిసి ఉన్నంతసేపే ట్రిప్టేజ్ పనిచేస్తుంది. శ్వాసనాళాన్ని సడలించే వీఐపీ అనే పెప్టైడ్‌ను అది ముక్కలు చేస్తుంది. 1990ల చివర సౌతాంప్టన్‌లో టాన్సిల్ నుంచి తీసిన మాస్ట్ కణాలకు ట్రిప్టేజ్ అందిస్తే వాటి నుంచీ హిస్టమిన్ వచ్చింది, ట్రిప్టేజ్‌ను అడ్డుకుంటే ఆ విడుదల తగ్గింది. ఒక కణం నుంచి వచ్చిన ఎంజైము పొరుగు కణాన్ని కూడా ఉసిగొల్పగలదన్నమాట. డాక్టర్లకు దీనితో ఇంకో ఉపయోగం ఉంది. రక్తంలో హిస్టమిన్ నిమిషాల్లో మాయమవుతుంది. ట్రిప్టేజ్ సగానికి తగ్గడానికి సుమారు రెండు గంటలు పడుతుంది. ఇంజెక్షన్ తర్వాతో, కందిరీగ కుట్టాకో మనిషి కుప్పకూలితే అది అలర్జీయేనా అని తేల్చడానికి ఆ గడువులో తీసిన రక్తం సాక్ష్యం.

బయటి నుంచి వచ్చే ఎంజైముల సంగతీ చెప్పాలి. దిండ్లలో, పరుపుల్లో బతికే దుమ్ము పురుగుల విసర్జనలో డెర్-పి-1 అనే జీర్ణ ఎంజైము ఉంటుంది. శ్వాసనాళం లోపొరలో కణాలను కుట్టి ఉంచే ప్రొటీన్లను అది కోసి, తన దారి తాను చేసుకుని లోపలి మాస్ట్ కణాల దాకా చేరుతుంది. మాంసం త్వరగా ఉడకడానికి వేసే పచ్చి బొప్పాయిలోని పపైన్ కూడా ఈ కుటుంబానిదే. పపైన్ పొడి పీల్చే కార్మికులకు ఉబ్బసం వస్తుంది. 1969లో ఇంగ్లండ్‌లో ఫ్లిండ్ట్ అనే వైద్యుడు, ఎంజైము కలిపిన బట్టల సబ్బుపొడి తయారుచేసే కార్మికుల్లో ఇలాంటి జబ్బునే బయటపెట్టాడు. ఆ తర్వాతే ఆ ఎంజైములను దుమ్ము రేగకుండా పూత పూసిన గింజలుగా మార్చారు. ఇదే బొప్పాయి పాలలోని కైమోపపైన్ పరిశోధకులకు మేలూ చేసింది. 1982లో జాన్స్ హాప్కిన్స్‌లో దాన్నీ మరికొన్ని ఎంజైములనూ వాడి మనిషి ఊపిరితిత్తిని విడివిడి కణాలుగా చేసి, మాస్ట్ కణాలను శుద్ధంగా వేరుచేశారు. అప్పటిదాకా ముక్కలమీద చేసిన పని ఆ తర్వాత ఒంటరి కణాలమీద సాధ్యమైంది.

బయటపడ్డ హిస్టమిన్‌ను ముగించే పని కూడా ఎంజైములదే. పేగుల్లో డైఅమీన్ ఆక్సిడేజ్, శ్వాసనాళాల్లో ముఖ్యంగా హిస్టమిన్ మిథైల్ ట్రాన్స్‌ఫరేజ్.

కైనేజ్‌ల వరుసను మధ్యలో తెంపితే ఏమవుతుందన్నది ఇప్పుడు నడుస్తున్న పరిశోధన. బీటీకేను ఆపే మందులు రక్తక్యాన్సర్ల కోసం ఇప్పటికే వాడుకలో ఉన్నాయి. 2020లో వచ్చిన ఒక అధ్యయనంలో అవి మనిషి మాస్ట్ కణాల విడుదలను ఆపాయి, విడదీసిన మనిషి శ్వాసనాళాలు బిగుసుకోకుండా కాపాడాయి. 2023లో వేరుశనగ పడని పదిమంది పెద్దవాళ్ళకు అకాలాబ్రుటినిబ్ నాలుగు మోతాదులిచ్చి చూశారు. అంతకుముందు వాళ్ళు తట్టుకోగలిగింది మధ్యగతం (మీడియన్) లెక్కన 29 మిల్లీగ్రాముల వేరుశనగ ప్రొటీన్. మందు తర్వాత ఏడుగురు 4,044 మిల్లీగ్రాములు, అంటే పరీక్షలో ఇవ్వదలచిన మొత్తమంతా, తట్టుకున్నారు. అయితే బీటీకే మాస్ట్ కణాల సొంత ఎంజైము కాదు. ప్రతిరక్షకాలు తయారుచేసే బి-కణాలు ఎదగడానికీ అదే కావాలి. పుట్టుకతో అది లేని మగపిల్లలకు ప్రతిరక్షకాలే తయారుకాక పదేపదే ఇన్ఫెక్షన్లు వస్తాయి. ఆ జబ్బును ఆగ్డెన్ బ్రూటన్ 1952లోనే వర్ణించాడు, ఆ ఎంజైముకు ఆయన పేరే పెట్టారు. ఉబ్బసం మనిషి ఏళ్ళ తరబడి రోజూ మింగే మాత్రగా దాన్ని ఇవ్వాలంటే, బి-కణాల మీద దాని భారం ఎంతో ముందు తేలాలి.